బియ్యం కార్డు బియ్యానికే కాదు

అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట మండలాల్లో ఏ ఇంటికి వెళ్లినా ఒక ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా చుట్టి దాచిన కాగితాలు ఉంటాయి. ఆధార్లు, బ్యాంకు పుస్తకం, పిల్లల బడి కాగితాలు, వాటితోపాటు బియ్యం కార్డు. కొన్ని ఇళ్లలో అది నలిగి మరకలు పడిన పాత కార్డు, మరికొన్ని ఇళ్లలో 2025 ఆగస్టు నుంచి ఇస్తున్న క్యూఆర్ కోడ్ ఉన్న స్మార్ట్ కార్డు. నెలకోసారి అది బయటికొస్తుంది, జీసీసీ డిపో దాకా వెళ్తుంది, బియ్యంతో తిరిగొచ్చి మళ్లీ కవరులోకి చేరుతుంది. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ దానికి పని లేదనే మనలో చాలామంది అనుకుంటాం.

ప్రియ పాఠకులారా, గ్యాసు బండ, ఆసుపత్రి ఖర్చు, వృద్ధాప్య పింఛను, బడికి వెళ్లే పిల్లల డబ్బు, ఇవన్నీ ఏదో ఒక మెట్టు దగ్గర ఆ కార్డునే అడుగుతాయి. కార్డు ఉన్నంత మాత్రాన ఇవి వాటంతట అవి ఇంటికి రావు. ఒక్కోదానికి ఒక్కో గుమ్మం, ఒక్కో గడియ. ఏ గుమ్మం దగ్గర ఏం అడుగుతారో తెలిసిన ఇంటికి అన్నీ అందుతున్నాయి. తెలియని ఇంటికి బియ్యం ఒక్కటే అందుతోంది. తేడా పేదరికంలో లేదు, సమాచారంలో ఉంది. అందుకే ఈ వారం ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు కార్డు సంగతే చూద్దాం. బియ్యం కార్డులు చూడటానికి ఒకేలా ఉన్నా లోపల రెండు రకాలు. మొదటిది మామూలు కార్డు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం దీని మీద మనిషికి నెలకు 5 కిలోలు. రెండోది అంత్యోదయ కార్డు. దీని మీద ఇంట్లో ఎంతమంది ఉన్నా కుటుంబానికి 35 కిలోలు. దానికి తోడు తక్కువ ధరకు పంచదార కూడా ఇస్తారు. 2023 జనవరి నుంచి రెండు రకాల కార్డులకూ బియ్యం ఉచితం. కేంద్రం ఆ ఉచితాన్ని 2024 జనవరి నుంచి మరో అయిదేళ్లకు పొడిగించింది.

ఇప్పుడు లెక్క వేయండి. ఏడుగురున్న ఇంటికి ఏ కార్డైనా ఒకటే, 35 కిలోలు. ముగ్గురున్న ఇంటికి మామూలు కార్డు మీద 15 కిలోలు, అంత్యోదయ మీద 35. ఒంటరిగా బతికే విధవరాలికి మామూలు కార్డు మీద 5 కిలోలు. ఆమెకు అంత్యోదయ కార్డు ఉంటే అదే ఇంటికి 35 కిలోలు. మన కొండల మీద ఒంటరి వృద్ధులు, కొడుకులు పనులకు వలస పోయిన తల్లులు ఎంతమంది ఉన్నారో సంఘ కాపరులకు నేను చెప్పనక్కర్లేదు. 5 కిలోలకూ 35 కిలోలకూ మధ్య ఉన్నది వాళ్ల ఆకలే.

మరి అంత్యోదయ ఎవరికి? ఆ పథకం 2000 డిసెంబరులో మొదలైంది. 2003 మే 2న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, వేరే ఆధారం లేని వృద్ధులు, వికలాంగులు, వితంతువులు, ఆదరణ లేని గర్భిణులు, బాలింతల వంటివారిని అంత్యోదయలో చేర్చమంది. ఆదిమ గిరిజన తెగల కుటుంబాలన్నిటినీ కూడా అందులోనే చేర్చమంది. అధికారులు పీవీటీజీ అని పిలిచేది ఈ తెగలనే. మన ప్రాంతంలో గదబ, పోర్జా, ఖోండు తెగల్లోని కొన్ని శాఖలు, కొండరెడ్లు, కొండ సవరలు ఆ జాబితాలో ఉన్నారు. బగత, వాల్మీకి, కొండదొర కుటుంబాలు ఆ జాబితాలోకి రావు. అయితే వాళ్లలోనూ వితంతువులు, వికలాంగులు ఆ కారణం మీద అడగవచ్చు. అడిగిన వెంటనే వస్తుందని చెప్పను. అంత్యోదయ కార్డుల మొత్తం సంఖ్యకు కేంద్రం పరిమితి పెట్టింది కాబట్టి ఖాళీ ఏర్పడితేనే కొత్తది ఇస్తారు. కాని దరఖాస్తే లేని మనిషికి ఖాళీ వచ్చినా ఇవ్వరు కదా. మీ సంఘంలో పీవీటీజీ కుటుంబం ఏదైనా మనిషికి 5 కిలోల లెక్కన బియ్యం తీసుకుంటుంటే, ముందు ఆ ఇంటి కార్డు ఏ రకమో సచివాలయంలో కనుక్కోండి. ఈ వ్యాసం చదివి ఒక్క పనే చేయగలిగితే అది చేయండి.

ఇక గ్యాసు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో దీపం-2 పథకం మొదలుపెట్టింది. తెల్ల కార్డు, ఆధార్, గ్యాసు కనెక్షను ఉన్న ఇంటికి ఏడాదికి 3 బండలు ఉచితం. నాలుగు నెలలకు ఒకటి చొప్పున, ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఒకటి, డిసెంబరు నుంచి మార్చి వరకు ఒకటి. ఈ గడువుల మాట గుర్తుపెట్టుకోవాలి. వేసవిలో తీసుకోని బండను శీతాకాలంలో కలిపి రెండుగా ఇమ్మంటే కుదరదు. ఉచితం అన్నారు గాని, పథకం మొదలైన పద్ధతిలో బండ డబ్బు ముందు మనమే కట్టాలి, తర్వాత అది ఖాతాలో పడుతుంది. రోజు కూలితో బతికే ఇంట్లో బండ ధరకు సరిపడా వందల రూపాయలు ఒక్కసారిగా చేతిలో ఉండటం మామూలు విషయం కాదు. ఉచిత పథకం నిజమైన పేదవాడి దగ్గర ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. మన స్త్రీల సమాజాల్లో, పొదుపు సంఘాల్లో బండ వచ్చే వారానికి చేబదులు ఏర్పాటు చేసుకుంటే ఇది దాటవచ్చు. అసలు కనెక్షనే లేని ఇంటికి కేంద్రం 2016లో మొదలుపెట్టిన ఉజ్వల పథకం ఉంది. ఎస్టీ ఇల్లు గాని, అంత్యోదయ ఇల్లు గాని అయితే ఇంటి ఆడమనిషి పేరు మీద అడగవచ్చు.

వైద్యం విషయంలో అపోహలు ఎక్కువ. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి తెల్ల కార్డే ఆసుపత్రిలో కూడా కార్డు అన్న మాట పల్లెల్లో స్థిరపడింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. అపోహ ఏమిటంటే, కార్డు చూపిస్తే ఏ ఆసుపత్రిలోనైనా ఏ జబ్బుకైనా డబ్బు కట్టనక్కర్లేదని. అది నిజం కాదు. పథకంలో చేరిన ఆసుపత్రి అయి ఉండాలి, జాబితాలో ఉన్న చికిత్స అయి ఉండాలి. విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రికి వెళ్లినా, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా, ముందుగా వెతకాల్సింది డాక్టరును కాదు, పథకం బల్ల దగ్గర కూర్చునే మిత్రను. కార్డు, ఆధార్ ఆ మనిషికి చూపించి, ఈ చికిత్స పథకంలో ఉందా లేదా అని అడగాలి. చేర్చుకున్నాక, డబ్బు కట్టేశాక అడిగితే పని రెట్టింపు అవుతుంది. పథకం కింద చేర్చుకుని మళ్లీ డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయవచ్చు. కొండ మీది నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చి, అక్కణ్నుంచి జీపులో దింపి, ఆసుపత్రి గుమ్మం చేరేసరికి కార్డు ఇంట్లో మర్చిపోయామని తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. కార్డును, ఆధార్‌ను ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం చిన్న పని. 108 అంబులెన్సుకు మాత్రం ఏ కార్డూ అక్కర్లేదు.

పింఛనులో కొండ ప్రాంతం వాళ్లు తరచుగా వదిలేసుకునే విషయం వయసు. మైదాన ప్రాంతంలో వృద్ధాప్య పింఛను 60 ఏళ్లకు. గిరిజనులకు 50 ఏళ్లకే. నెలకు 4,000 రూపాయలు, 2024 జూలై నుంచి ఈ రేటు ఇస్తున్నారు. వితంతువులకూ అంతే, వికలాంగులకు 6,000. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఎవరో ఉజ్జాయింపుగా వేసినదైతే 58 ఏళ్ల మనిషి కాగితం మీద 44 ఏళ్లవాడిగా మిగిలిపోతాడు. అక్కడ సరిదిద్దాల్సింది పింఛను దరఖాస్తును కాదు, ఆధార్‌ను. ఇంకో చిక్కు, సాధారణంగా ఒక బియ్యం కార్డుకు ఒక పింఛనే ఇస్తారు. వికలాంగులకు, దీర్ఘవ్యాధులున్నవారికి మినహాయింపులు ఉన్నాయి. పెళ్లయి వేరుగా వండుకునే కొడుకు కార్డులోనే తల్లిదండ్రుల పేర్లు ఉండిపోతే ఆ ప్రభావం పింఛను మీద పడుతుంది. కొడుకు సంసారం నిజంగా వేరైనప్పుడు కార్డు విభజన కోరడం న్యాయమే, సచివాలయంలో ఆ సేవ ఉంది. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు పింఛను మార్చే ఏర్పాటు 2024 నవంబరు నుంచి అమల్లో ఉంది. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. సమాధి కార్యక్రమం జరిపించే కాపరి ఆ ఇంటివాళ్లకు ఆ వారంలోనే ఈ మాట చెవిన వేస్తే ఎంత మేలో!

పిల్లల చదువుకు తల్లికి వందనం పథకంలో 2025 జూన్‌లో ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయల లెక్కన ఇచ్చారు. అందులో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడింది. ఇంట్లో బియ్యం కార్డు ఉండాలి, పిల్లవాడి హాజరు 75 శాతం ఉండాలి, తల్లి ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి. ఈ మూడోది ఎక్కువ ఇళ్లను దెబ్బతీస్తుంది. బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా అని అంటారు. ఖాతాకు ఆధార్ నంబరు రాసుకోవడం వేరు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో ఎన్‌పీసీఐలో నమోదు కావడం వేరు. రెండు బ్యాంకుల్లో ఖాతాలున్న తల్లికి డబ్బు తాను మర్చిపోయిన పాత ఖాతాలో పడి ఉండవచ్చు. బ్యాంకులో అడగాల్సిన మాట ఇది: నా ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయి ఉంది?

మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. దీనికి ఎస్టీ పత్రం గాని, బియ్యం కార్డు గాని ఏదో ఒకటి చాలు. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఆశా కార్యకర్తను గాని అడగండి. ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితం. అయితే కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, కుల ధ్రువపత్రం అక్కడ నమోదైందా అన్నది చూసుకోవాలి. తాత పేరు మీదే ఉండిపోయిన మీటర్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

కార్డుతో పని లేనివీ కొన్ని ఉన్నాయి, వాటిని కలిపేసుకుని భయపడకూడదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అది పేదలకే అని ఏమీ లేదు, ఈ రాష్ట్రంవారని చూపే గుర్తింపు చాలు. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు ఇచ్చే ఆహారానికి బియ్యం కార్డు అక్కర్లేదు, అది తీసుకున్నందుకు డిపోలో బియ్యం కోయరు. ఉపాధి హామీ పనికి కావాల్సింది జాబ్ కార్డు.

వలస వెళ్లేవారి సంగతి వేరుగా చెప్పాలి. మిరప కోతలకు, బిల్డింగ్ పనులకు వెళ్లే కుటుంబాలు తమ బియ్యాన్ని ఊళ్లో ఒదిలేసి అక్కడ కొనుక్కుంటాయి. అవసరం లేదు. రాష్ట్రంలో ఏ డిపోలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి మొదటగా మొదలైన రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. కాబట్టి హైదరాబాద్ చౌక దుకాణంలోనూ మన కార్డు పని చేస్తుంది. ఇంట్లో కొందరు ఇక్కడ, కొందరు అక్కడ ఉంటే భాగాలుగా కూడా తీసుకోవచ్చు.

ఇంతకూ ఇన్ని గుమ్మాలెందుకు? అమెరికాలో పేదలకు ఆహార సహాయంగా స్నాప్ అనే పథకం ఉంది, మునుపు ఫుడ్ స్టాంపులు అనేవారు. ఆ కార్డు చూపిస్తే చాలా మ్యూజియాల్లో టికెట్టు దాదాపు ఉచితం, ఫోను బిల్లులో తగ్గింపు ఉంటుంది. వాటికంటే నాకు నచ్చింది ఒకటుంది. స్నాప్ అందుకునే ఇంటి పిల్లల పేర్లు ప్రభుత్వ జాబితా నుంచే బడికి వెళ్తాయి. మధ్యాహ్న భోజనం ఉచితంగా ఇవ్వమని తల్లి మళ్లీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. అక్కడి పద్ధతుల్లో లోపాలు లేవని కాదు. ఒకసారి పేదవాడని తేల్చాక ప్రతి బల్ల దగ్గరా మళ్లీ రుజువు చేసుకోమనకపోవడం మాత్రం నేర్చుకోదగ్గది. మన దగ్గర ఆధార్, కార్డు, ఖాతా, పొలం, కరెంటు మీటరు అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. కార్డు తీసేయాలంటే వాటిని క్షణంలో కలిపి చూస్తారు. నెలకు 300 యూనిట్లు దాటిందా, ఇంట్లో కారుందా, ప్రభుత్వ ఉద్యోగముందా అని కనిపెడతారు. ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం దరఖాస్తు తెమ్మంటారు. ఇది సాంకేతిక లోపం అని నేను అనుకోను, శ్రద్ధ ఎటు ఉందన్నదే ప్రశ్న.

కొండల మీద వచ్చే అసలు అడ్డంకులు మూడు. మొదటిది వేలిముద్ర. రాళ్లు, మట్టి పనులు చేసే చేతుల్లో గీతలు అరిగిపోతాయి. యంత్రం పట్టకపోతే బియ్యం లేదని పంపించేస్తే అది తప్పు. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హులకు తిండి గింజలు నిరాకరించకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. కంటి పాపతోనో, మరో పద్ధతిలోనో ఇవ్వాలి. 2025 జూన్ 1 నుంచి బియ్యం బండ్లు ఆపి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నప్పుడు, 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు ఇంటికే తెచ్చి ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. గెడ్డ దాటలేని ముసలివాళ్లకు ఇది తెలియాలి.

రెండోది పుట్టిన పత్రం. ఇంట్లో కాన్పయిన పిల్లలకు పత్రం ఉండదు, పత్రం లేక ఆధార్ రాదు, ఆధార్ లేక కార్డులో పేరు చేరదు. పేరు చేరని పిల్లవాడి 5 కిలోలు ప్రతి నెలా పోతాయి, బడికి వెళ్లాక తల్లికి రావాల్సిన డబ్బూ పోతుంది. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఖర్చు లేదు, తిరుగుడు లేదు. ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు దాకా వెళ్లాలి. బిడ్డ ప్రతిష్ఠకు తల్లిదండ్రులు వచ్చినప్పుడు పుట్టిన పత్రం తీశారా అని కాపరి ఒక మాట అడగటం కష్టం కాదు.

మూడోది పేర్ల తేడా. ఇదీ మన సంఘాలకు బాగా దగ్గరి సంగతి. బాప్తిస్మం తర్వాత మరియమ్మ, యోహాను అని పిలుచుకుంటాం. ఆధార్‌లో ఒక పేరు, కార్డులో ఒక పేరు, బడిలో మరొకటి, ఇంటిపేరు ఒకచోట కొర్ర, ఇంకోచోట కొర్రా. కంప్యూటరుకు ఇవి ఇద్దరు మనుషులు. అన్నిటిలో ఒకే పేరు, ఒకే అక్షరక్రమం ఉండేలా చూసుకోవాలి.

దీని వెనకే ఒక భయం కూడా తిరుగుతోంది. క్రైస్తవులమని తెలిస్తే కార్డు తీసేస్తారని, ఎస్టీ పత్రం పోతుందని కొన్ని ఊళ్లలో చెప్పుకుంటున్నారు. బియ్యం కార్డుకు మతంతో సంబంధం లేదు. దానికి చూసేది ఆదాయం, పొలం, వాహనం, ఉద్యోగం, పన్ను, కరెంటు వాడకం. పల్లెల్లో నెల ఆదాయం 10,000 రూపాయల లోపు ఉండాలి. ఇక కుల పత్రం మాట. షెడ్యూల్డు కులాలపై 1950లో ఇచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే భయం పుడుతోంది. మతం మారినంత మాత్రాన గిరిజనుడు గిరిజనుడు కాకుండా పోడని, అతను ఆ తెగలో భాగంగా కొనసాగుతున్నాడా లేదా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2004లో కేరళ కేసులో చెప్పింది. కాబట్టి తెగ కట్టుబాట్లకు, పెద్దలకు, పండగపబ్బాల్లో బంధువులకు దూరమై గిరి గీసుకు కూర్చోవడం మంచిది కాదని కూడా మన సంఘాల్లో చెప్పుకోవాలి.

దరఖాస్తులన్నీ గ్రామ సచివాలయంలో ఇవ్వవచ్చు. ఫోను వాడగలిగినవాళ్లు 2025 జనవరిలో వచ్చిన మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో కూడా చాలా సేవలు పొందవచ్చు. సచివాలయంలో ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ రసీదు నంబరు అడిగి తీసుకోండి, నోటి మాటతో తిరిగి రావద్దు. డిపోలో బియ్యం తక్కువ తూచినా, ఇవ్వకపోయినా 1967కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే ఆహార భద్రతా చట్టం కింద జిల్లాలో ఫిర్యాదుల అధికారి ఉంటారు, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. అదే చట్టంలో 8వ సెక్షను కూడా ఉంది. రావాల్సిన గింజలు ఇవ్వలేకపోతే ప్రభుత్వం ఆ కుటుంబానికి బదులుగా ఆహార భద్రతా భత్యం డబ్బు రూపంలో చెల్లించాలి. ఫిర్యాదు కాగితంలో ఏ నెల, ఎన్ని కిలోలు రాలేదో తప్పకుండా రాయండి.